శ్రీలంకకు వెళ్తున్నారా? ముందు మ్యాపులో చెరువులు గుర్తుపెట్టుకోండి

శ్రీలంక యాత్రకు ట్రావెల్స్ వాళ్లు ఇచ్చే కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది. మూడు రోజులు గుళ్లు, రెండు రోజులు అడవి, ఒక రోజు బీచ్. మొదటిసారి మేమూ అలాగే వెళ్లొచ్చాం. రెండోసారి ఆ కాగితం పక్కన పెట్టి, మ్యాపులో చెరువులకు చుక్కలు పెట్టుకుని బయల్దేరాం. అప్పుడు కనిపించింది అసలు ద్వీపం.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఎక్కడికి వెళ్లినా నా చూపు ముందు కట్ట మీదికీ, తూము మీదికీ పోతుంది. మా వారికి పిట్టలంటే ప్రాణం. ఇద్దరి ఇష్టాలూ ఒకే చోట తీరిన దేశం నాకు ఇదొక్కటే తగిలింది. ఎందుకంటే అక్కడ ఏనుగు, గుడి, ఊరు, వరిమడి ఒకే నీటి మీద బతుకుతాయి. రాజు కట్టించిన చెరువు శిఖంలో, అంటే నీరు దిగాక బయటపడే నేలలో, ఏనుగులు మేస్తాయి. యాత్రికులు మునకలేసే నదిలోనే, మరో పాతిక కిలోమీటర్లు కిందికి పోతే చిరుత నీళ్లు తాగుతుంది. అడవికి కొన్ని రోజులు, గుడికి కొన్ని రోజులు అని విడగొట్టుకుంటే ఈ సంబంధం కంటికి ఆనదు. అందుకే నా పద్ధతి: ముందు వాన చూసుకోవాలి, తర్వాత చెరువు ఎంచుకోవాలి, దాని చుట్టూ రోజులు అల్లుకోవాలి.

శ్రీలంకకు రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొలంబో, గాల్ వైపునూ, కొండల పడమటి వాలునూ తడుపుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య వానలు ఉత్తరానికీ తూర్పుకూ వస్తాయి. మధ్యలో కొండలు అడ్డుగోడలా నిలబడటం వల్ల ఒకవైపు గొడుగు విప్పిన రోజునే ఇంకోవైపు నేల నెర్రెలిచ్చి ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో దాదాపు ఎక్కడైనా మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన పడవచ్చు. అంటే నిజానికి ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు యాత్రలు. జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా అయితే పాత రాజధానులు, చెరువులు, ఏనుగులు. జనవరి నుంచి మార్చి దాకా అయితే దక్షిణ తీరం, తిమింగలాలు, వర్షారణ్యం, శ్రీపాద కొండ. రెండూ ఒకే వారంలో కుక్కాలని చూడకండి. ఏ యాత్రకైనా పది రోజులు తక్కువలో తక్కువ. చిన్న ద్వీపమే కదా అనిపిస్తుంది గానీ, అక్కడి రోడ్ల మీద వంద కిలోమీటర్లకు రెండున్నర, మూడు గంటలు పడుతుంది.

నాకు ఆగస్టు యాత్ర ఎక్కువ ఇష్టం. దాన్నే వివరంగా చెబుతాను.

విమానం దిగాక కొలంబో ఊళ్లోకి వెళ్లకండి. విమానాశ్రయం ఉన్న కటునాయక కొలంబోకు ఉత్తరాన ఉంది, మీరు పోవాల్సిందీ ఉత్తరానికే. కారులో నాలుగైదు గంటలకు అనురాధపురం చేరతారు. అక్కడ రెండు రాత్రులు ఉండండి. తెల్లవారకముందే లేచి శ్రీ మహాబోధి దగ్గరికి నడవండి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్త బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ అక్కడ పెరిగి చెట్టయింది. మనిషి నాటిన చెట్లలో, నాటిన కాలం తెలిసి ఇంకా బతికి ఉన్నవాటిలో ఇదే పాతదని చెబుతారు. తెల్లబట్టలు కట్టుకున్న వాళ్లు తామరపూలు పట్టుకుని చెప్పుల్లేకుండా ఇసుక మీద నడుస్తుంటారు. చుట్టుపక్కల చెట్ల మీద కొండముచ్చులు. ఆ వేళలో ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు.

ఆ సాయంత్రం స్తూపాలన్నీ చుట్టేయాలనే తొందర వద్దు. రువన్‌వెలిసాయ ఒక్కటి నిదానంగా చూసి, తిస్స వెవ కట్ట మీదికి వెళ్లండి. వెవ అంటే సింహళంలో చెరువు, మనకూ తెలిసిన 'వాపి' అనే మాట నుంచి వచ్చిందే. మన గొలుసుకట్టు చెరువుల లాంటివే ఇక్కడా ఉన్నాయి. పై చెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు పోతాయి. ఈ వరసను వాళ్లు 'ఎల్లంగావ' అంటారు. ఇక తూము దగ్గర కట్ట లోపలికి దిగిన రాతి బావిని తప్పకుండా చూడండి. దాని పేరు 'బిసోకొటువ'. నిండు చెరువు ఒత్తిడి తూము మీద పడకుండా అదుపు చేయడానికి రెండువేల ఏళ్ల నాటి పనివాళ్లు కనిపెట్టిన ఏర్పాటు అది. బ్రిటిష్ కాలంలో సిలోన్ నీటిపారుదల శాఖలో పనిచేసిన హెన్రీ పార్కర్ అనే ఇంజనీరు వీటిని పరిశీలించి, నేటి జలాశయాల వాల్వ్ బావులకు మూలం ఇక్కడే ఉందన్నాడు. నేను మొదటిసారి ఆ రాళ్ల మీద చెయ్యి పెట్టినప్పుడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

మర్నాడు మిహింతలె. 1840 మెట్లు. వేటకు వచ్చి జింక వెంట పరుగెడుతున్న దేవానాంపియ తిస్స రాజుకు అశోకుడి కొడుకు మహిందుడు ఎదురుపడింది ఈ కొండ మీదేనని శ్రీలంక పాత చరిత్ర గ్రంథం మహావంశ చెప్పే కథ. ఆ తర్వాత రాజు ఈ చుట్టుపక్కల ప్రాణుల్ని చంపరాదని కట్టడి చేశాడంటారు. అందుకే దీన్ని లోకంలోనే తొలి అభయారణ్యాల్లో ఒకటిగా చెప్పుకుంటారు. అడవికి విడిగా, గుడికి విడిగా రోజులు వద్దని నేను అంటున్నది ఇందుకే. జూన్ నెల పున్నమికి, అంటే పోసన్ పోయకు, ఇక్కడ లక్షల మంది చేరతారు. ఆ వారంలో అనురాధపురంలో గది దొరకడం చాలా కష్టం.

ఓపిక, ఇంకో రోజు ఉంటే పక్కనే విల్పత్తు ఉంది. దేశంలో అతిపెద్ద జాతీయవనం. లోపల వాననీటితో నిండే సహజమైన మడుగులున్నాయి, వాటిని విల్లు అంటారు. దక్షిణాన ఉన్న యాల వనంతో పోలిస్తే జీపులు చాలా తక్కువ. పూట సఫారీ ఇక్కడ సరిపోదు, రోజంతా ఉండేలా మాట్లాడుకుని అన్నం మూట కట్టించుకోండి.

అనురాధపురం నుంచి హబరణకు తిన్నగా పోయే రోడ్డుంది. మీరు మాత్రం చుట్టు తిరిగి కళా వెవ మీదుగా వెళ్లండి. డ్రైవరు "అక్కడేముంది మేడం" అంటాడు. వినకండి. 5వ శతాబ్దంలో ధాతుసేన రాజు కట్టించిన చెరువు అది. అక్కడి నుంచి అనురాధపురం తిస్స వెవకు 87 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. మొదటి భాగంలో దాని వాలు మైలుకు ఆరు అంగుళాలు మాత్రమే. లెవెలింగ్ పరికరాలు చేతిలో పెట్టుకుని కాలువలు తీయించిన మనిషిగా చెబుతున్నాను, అది మామూలు పని కాదు. ఈ ధాతుసేనను కొడుకు కాశ్యపుడు బంధించి, దాచిన సొమ్మంతా చూపించమన్నాడట. ముసలిరాజు వాళ్లను కళా వెవ దగ్గరికి తీసుకొచ్చి, నీళ్లలో దిగి స్నానం చేసి, దోసిట నీళ్లు పట్టి, తన సంపద ఇంతేనన్నాడట. కాశ్యపుడు తండ్రిని చంపించి 477లో గద్దెనెక్కి పెద్ద రాతిగుట్ట మీద సిగిరియ కోట కట్టుకున్నాడు. లోకమంతా సిగిరియకు పోతుంది. కళా వెవ కట్ట మీద ఆ సాయంత్రం మేమిద్దరం, గేదెలు తోలుకొస్తున్న ఒక కుర్రాడు, అవతలి ఒడ్డున పదకొండు ఏనుగులు. అంతే. దగ్గర్లోనే 12 మీటర్లకు పైగా ఎత్తున్న అవుకన బుద్ధుడున్నాడు. ఆయన్ను పొద్దుటి ఎండలో చూడాలి.

హబరణలో మూడు రాత్రులు వేసుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిన్నేరియ చెరువు నీరు దిగిపోయి, శిఖమంతా లేతగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవులన్నీ ఎండి ఉన్న సమయం కాబట్టి ఏనుగుల మందలు వందల్లో అక్కడికి దిగుతాయి. చెరువు కట్టించిన మహాసేన రాజును అక్కడి జనం ఇప్పటికీ మిన్నేరి దేవుడిగా కొలుస్తారు. ఒక జాగ్రత్త: ఈ మధ్య ఏళ్లలో ఎగువన మొరగహకంద జలాశయం వచ్చాక, ఎండాకాలంలోనూ చెరువు నిండుగా ఉంచితే గడ్డి మునిగిపోతోంది, ఏనుగులు వేరేచోటికి పోతున్నాయి. కాబట్టి 'మిన్నేరియ సఫారీ' అని ముందే డబ్బు కట్టేయకండి. ఆ పూట ఏనుగులు మిన్నేరియలో ఉన్నాయా, కౌడుల్లలోనా, హురులులోనా అని జీపు వాళ్లను అడిగి అక్కడికే పొండి. మూడూ హబరణకు దగ్గరే. మధ్యాహ్నం 2 గంటల తర్వాత బయల్దేరితే సరిపోతుంది.

ఆ మూడు రోజుల పొద్దుటి పూటలను ఇలా వాడుకోండి. ఒకటి సిగిరియకు, గేటు తెరిచే వేళకే. దాదాపు 1200 మెట్లు, ఎండెక్కితే రాయి కాలుతుంది. పైన పెద్ద కందిరీగల పట్లు ఉన్నాయి, అందుకే నిశ్శబ్దంగా ఉండమని బోర్డులు పెట్టారు. ఆ మాట పాటించండి. ఇంకొకటి పొలొన్నరువకు. గల్ విహారలో ఒకే రాతిలో తొలిచిన బుద్ధుల ముందు కూర్చోండి. చుట్టూ తిరిగే టోక్ కోతులను మాత్రం మామూలు కోతులని వదిలేయకండి. ఈ ద్వీపంలో తప్ప ఇంకెక్కడా లేని జాతి అది. ఈ శిథిలాల మధ్య వాటి కుటుంబాలను 1968 నుంచి శాస్త్రవేత్తలు తరం తర్వాత తరం గమనిస్తూ వస్తున్నారు. మూడో పొద్దు దంబుల్ల గుహలకు. వెళ్లినా మంచిదే, అలిసిపోతే పడుకున్నా మంచిదే.

తర్వాత కాండీ. మనవాళ్లు ఇక్కడ ఒక సంగతి తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలింది మధుర నుంచి వచ్చిన నాయక్కర్ వంశం. మూలం తెలుగువాళ్లే. బుద్ధుడి దంతం ఉంచిన దంతధాతు ఆలయం ముందున్న చెరువును వాళ్లలో చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహుడు 1807లో తవ్వించాడు. దాని పేరు 'కిరి ముహుద', పాలసముద్రం. గట్టు మీద ఇంత పొడుగు నీటి ఉడుములు ఎండ కాచుకుంటుంటాయి. ఆలయం వెనకే ఉడవత్తకెలె అడవి. పొద్దున్న పిట్టలు చూసుకుని సాయంత్రం పూజకు డప్పుల వేళకు గుళ్లో ఉండొచ్చు, నడిచే దూరమే. ఎసల పెరహెర అనే ఊరేగింపు ఉత్సవం జులై చివర్లోనో ఆగస్టులోనో వస్తుంది, తేదీలు పున్నమిని బట్టి మారతాయి. మొదటి ఐదు రాత్రులు కుంబల్ పెరహెర, చివరి ఐదు రాత్రులు రందోలి పెరహెర. పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు కుంబల్ రాత్రులు ఎంచుకోండి. తొక్కిసలాట తక్కువ, నర్తకుల పాదాలు కూడా దగ్గరగా కనిపిస్తాయి.

కాండీ నుంచి ఎల్ల దాకా కొండల రైలు ఎక్కాలని అందరికీ ఉంటుంది. రిజర్వేషన్ సీట్లు నెల ముందు తెరుస్తారు, తెరవగానే అయిపోతాయి. కొండచరియలు విరిగి లైను మూతపడే సందర్భాలుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు నడుస్తోందో లేదో కనుక్కోండి.

దక్షిణంలో ఉడవలవె దగ్గర ఒక రాత్రి, తిస్సమహారామలో రెండు. ఉడవలవె వనంలో ఏనుగులు ఏడాది పొడవునా కనిపిస్తాయి. దాని పక్కనే 1995 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఏనుగుపిల్లల ఆశ్రయం ఉంది. తల్లి పోయిన గున్నలకు పాలుపట్టి, పెరిగాక మళ్లీ అడవిలో వదిలేస్తారు. ముట్టుకోనివ్వరు, దగ్గరికి రానివ్వరు. దూరంగా అరుగు మీద నిలబడి పాలు పట్టే వేళకు చూడాలి. అందుకే ఆ చోటంటే నాకు గౌరవం. ఏనుగు వీపు ఎక్కిస్తామనే చోట్లకు, కడిగి ఫొటో దిగమనే చోట్లకు దయచేసి వెళ్లకండి. రోడ్డు పక్క కంచె దగ్గర నిలబడ్డ ఏనుగుకు అరటిపండు విసరకండి. అలా అలవాటుపడ్డ ఏనుగే వాహనాలను ఆపుతుంది, ఊళ్ల మీదికి వస్తుంది. ఏటా వందల ఏనుగులు, వందకు పైగా మనుషులు ఈ పోరులో పోతున్న దేశం అది. మనం విసిరిన పండు లెక్క మన తర్వాత ఆ ఊరి రైతు మీద పడుతుంది.

యాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చిరుతలకు పేరుపడ్డ వనం. ఈ ద్వీపంలో పులి, సింహం లేవు కాబట్టి ఇక్కడ చిరుతదే రాజ్యం, పట్టపగలు కూడా బండరాయి మీద పడుకుంటుంది. అయితే అందరూ వెళ్లే బ్లాక్ 1లో ఒక చిరుత కనపడిందని ఫోను రాగానే ముప్పై జీపులు దుమ్ము లేపుకుంటూ ఉరుకుతాయి. మొదటిసారి మా జీపు కూడా ఉరికింది. పొదలో తోక చివర చూశాం, ఆ జంతువు బెదురు కూడా చూశాం. నాకు ఏడుపొచ్చింది. రెండోసారి ఎక్కకముందే డ్రైవరుకు చెప్పాను: "మల్లీ, చిరుత కనపడకపోయినా టిప్పు ఇస్తాను. ఫోను వస్తే మాత్రం పరుగెత్తొద్దు. ఒక నీటిగుంట దగ్గర ఆపి ఇంజను కట్టేయ్." మల్లీ అంటే తమ్ముడూ అని. అప్పటిదాకా మేడం అన్నవాడు ఆ క్షణం నుంచి "అక్కా" అన్నాడు, ఆ మాట సింహళంలోనూ అదే. ముప్పై ఐదు నిమిషాలు కూర్చున్నాం. మొదట గూడబాతులు, తర్వాత చుక్కల దుప్పులు వచ్చాయి. ఉన్నట్టుండి ఒక దుప్పి గట్టిగా అరిచి కాలు నేలకు కొట్టింది. కొండముచ్చు అందుకుంది. చిరుత గట్టు దిగి వచ్చి, మమ్మల్ని ఒకసారి చూసి, వంగి నీళ్లు తాగింది. పరుగెత్తొద్దనే మాట డ్రైవరుతో జీపు కదలకముందే చెప్పాలి, లోపలికి పోయాక ఎవరూ వినరు.

బ్లాక్ 1ను సాధారణంగా సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు, తేదీలు కట్టుకునేటప్పుడు ఇది చూసుకోండి. మే నుంచి జులై దాకా 'పాలు' చెట్లు పండుతాయి. అవి మన అడవుల్లోని పాలపండ్ల చెట్లే. ఆ రోజుల్లో ఎలుగుబంట్లు వాటి మీదికి ఎక్కి కూర్చుంటాయి.

యాల చూసిన రోజు సాయంత్రమే కతరగామకు వెళ్లండి. బౌద్ధులు, హిందువులు, ముస్లింలు, ఆదివాసీ వెద్దాలు అందరూ వచ్చే చోటు. స్కందుడు వెద్దా పిల్ల వల్లిని పెళ్లాడిన తావు. గర్భగుడిలో విగ్రహం కనపడదు, దేవుడి బొమ్మ గీసిన తెర ఉంటుంది. గుడి ముందు మాణిక్య గంగలో మునిగి, తడిబట్టలతో పళ్ల తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తారు. ఈ నదే కిందికి యాల అడవిలోకి పోతుంది. ఏటా ఉత్సవానికి ముందు జాఫ్నా వైపు నుంచి పాదయాత్రగా వచ్చేవాళ్ల కోసం కుమన, యాల అడవుల దారి కొన్నాళ్లు తెరుస్తారు. ఏనుగులు తిరిగే ఆ దారిలో ముసలమ్మలు "హరోహర" అంటూ నడిచి వస్తారు.

వెద్దాల ఊరు దంబానకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. 1983లో మాదురు ఓయ జాతీయవనం ప్రకటించడంతో వాళ్ల వేటనేల చాలావరకు చేజారింది. మనం సంబరంగా చూసే అడవికి ఆ వెల కట్టింది వాళ్లు. విల్లు పట్టుకుని ఫొటో దిగమని అడగకండి. తేనె కొనండి, కూర్చుని వినండి.

జనవరి నుంచి మార్చి యాత్ర సంగతి క్లుప్తంగా. సింహరాజ వర్షారణ్యంలో గైడు లేకుండా వెళ్లనివ్వరు, అది మన మంచికే. అక్కడ పిట్టలు జాతులన్నీ కలిసి గుంపుగా కదులుతాయి. ముందు నారింజరంగు ముక్కు బాబ్లర్లు, వెంట మన పసులపోలిగాడికి చుట్టమైన తలకుచ్చు పిట్ట. పది నిమిషాల్లో గుంపు దాటిపోతుంది కాబట్టి బైనాక్యులర్ మెడలోనే ఉండాలి. జలగలకు మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు కొనుక్కోండి. మిరిస్స నుంచి నీలి తిమింగలాలు కనిపిస్తాయి, ఆ తీరంలో ఒడ్డుకు దగ్గరే సముద్రం ఒక్కసారిగా లోతవుతుంది. తిమింగలానికి 100 మీటర్ల దూరం పాటించే పడవేనా అని అడిగాకే ఎక్కండి. శ్రీపాద కొండ ఎక్కే యాత్రాకాలం డిసెంబరు పున్నమి నుంచి మే పున్నమి దాకా. దాన్ని సీతాకోకచిలకల కొండ అని కూడా అంటారు.

ఇక చిన్న చిన్న విషయాలు, ఇవి తప్పితే రోజంతా పాడవుతుంది. వీసా కోసం ఈటీఏ, అంటే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి, ప్రభుత్వ సైటులోనే తీసుకోండి, నిబంధనలు తరచూ మారతాయి. టికెట్ కిటికీ దగ్గర పాస్‌పోర్టు చూపించి సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) టికెట్ ఉందా అని అడగండి, సిగిరియ లాంటి చోట్ల మనకు తగ్గింపు ఉంటుంది. జీపు, వనం టికెట్, పన్నులు అన్నీ కలిపి ఎంతో శ్రీలంక రూపాయల్లో ముందే తేల్చుకోండి. గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, టోపీ, చెప్పులు తీయాలి. మధ్యాహ్నం రాయి కాలుతుంది కాబట్టి మేజోళ్లు ఉంచుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద అపచారం. పున్నమి రోజు దేశమంతా సెలవు, మందు అమ్మరు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ల ఉగాది, డ్రైవర్లంతా సొంత ఊళ్లకు పోతారు. శాకాహారులు పోల్ సంబోల్ కనపడగానే కొబ్బరి పచ్చడే కదా అని వేసుకోకండి, అందులో ఎండుచేప పొడి కలుపుతారు. "ఉంబలకడ ఎపా" అంటే ఆ చేప వద్దని. తిస్సమహారామ దారిలో మట్టికుండల్లో గేదె పెరుగు, జీలుగు చెట్టు జాతి కితుల్ పాకం అమ్ముతారు. అది మాత్రం కడుపునిండా తినండి.

తిరుగు విమానం రాత్రి ఉంటే ఆ పగలు కొలంబో షాపింగుకు ఇవ్వకండి. విమానాశ్రయానికి దగ్గర్లోనే ముత్తురాజవెల అనే చిత్తడి నేల ఉంది. పొద్దున్నే చిన్న పడవ మాట్లాడుకుని డచ్చివాళ్ల కాలం నాటి కాలువలోంచి లోపలికి పొండి. రెండు గంటలు చాలు. మా వారు వెళ్లిన ప్రతిసారీ ఆఖరి పిట్టల పేర్లు రాసుకునేది అక్కడే. తడిసిన బూట్లు సూట్‌కేసులో పెట్టడానికి ఒక ప్లాస్టిక్ సంచి ఉంచుకోండి.